దిద్దుట వేఱు, దెప్పుట వేఱు



మన తెలుగున "దిద్దుట" యను మాట మిక్కిలి చక్కనిది. పలకమీద పెద్దలు వ్రాసియిచ్చిన అక్షరము వెంబడి చిన్నబిడ్డ మరల మరల బలపము త్రిప్పుటయు దిద్దుటయే. నుదుట తిలకమును తీర్చుటయు దిద్దుటయే. వంకరపోయిన ముగ్గును సరిచేయుటయు దిద్దుటయే. వీని యన్నింటియందును ఒక్క పోలిక కలదు. దిద్దువారి కన్ను పనిమీద నుండును. చేయి మెత్తగా నుండును. పని ముగియునప్పటికి అది మునుపటికంటె బాగుపడియుండును.

మన యిండ్లలో తఱచు వినవచ్చు మాట మఱియొకటి కలదు. అది "దెప్పుట". దెప్పువారి కన్ను తప్పును విడిచి, తప్పు చేసినవారిమీద నిలుచును. వారి మాట ముగియునప్పటికి తప్పు తప్పుగానే యుండును. విన్నవారి మనసు మాత్రము నొచ్చును.

పదిమంది కలిసి ఒక పని నేర్చుకొనుచోట ఈ రెంటికిని గల భేదము మఱింత స్పష్టముగా గానవచ్చును. అది ఆటల జట్టు కావచ్చును, మహిళాసంఘము కావచ్చును, నలుగురు స్త్రీలు మెలగు వంటయిల్లే కావచ్చును. తప్పును చూపని చోట నేర్పు పెరుగదు. తప్పును చూపు తీరు తెలియని చోట ఉన్న నేర్పును నశించును. ఈ సంగతి తెలిసికొనుటకు మనము దూరదేశముల కేగ నక్కరలేదు. మన ఓరుగల్లు సీమలోనే దృష్టాంతము కలదు.

కల్లెడ బాలిక

వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలమున కల్లెడ యను గ్రామము కలదు. 2003వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన అచ్చట జీవంజి దీప్తి యను బాలిక జన్మించెను. తలిదండ్రులు కూలినాలి చేసి బ్రతుకువారు. బిడ్డకు మాట ఆలస్యముగా వచ్చెను; చెప్పినది గ్రహించుటయు ఆలస్యమే. ఇరుగుపొరుగువారును బంధువులును ఆమెను "పిచ్చిది" యనియు "కోతి" యనియు పిలిచెడివారు. ఆమెను అనాథాశ్రమమున విడువుమని తల్లికి సలహా చెప్పినవారును లేకపోలేదు. బిడ్డ యేడ్చుచు ఇంటికి వచ్చినప్పుడు తీపి అన్నము వండిపెట్టి ఓదార్చుచుంటినని ఆ తల్లియే తరువాతి కాలమున పత్రికలవారితో చెప్పినది.

సోదరీమణులారా, ఒక్క క్షణ మాలోచింపుడు. అన్ని సంవత్సరములు అన్ని నోళ్లు అన్న ఆ మాటలవలన ఆ బిడ్డకు ఒక్క అక్షరమైన అదనముగా వచ్చినదా? ఆమె లోపమును ఊరందరును ఎఱుగుదురు. దానికి మందు మాత్రము ఒక్కరును చెప్పలేదు. దెప్పుటయొక్క లక్షణ మిదియే.

కల్లెడలోని గ్రామీణాభివృద్ధి ఫౌండేషను వారి పాఠశాలలో ఆమె చదువుకొనుచుండగా, అచ్చటి వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గమనించెను. ఊరివారు బాలికకు రానిదానిని లెక్కించుచుండగా ఆయన వచ్చినదానిని చూచెను. పిమ్మట నాగపురి రమేశ్ గారు ఆమెను పోటీలలో చూచి, హైదరాబాదునకు పంపుడని తలిదండ్రులను కోరిరి. ఆయన భారతదేశపు యువ అథ్లెట్లకు శిక్షకులుగా పేరొందినవారు. హైదరాబాదు చేరుటకు బస్సు ఖర్చు సైతము ఆ కుటుంబమునకు భారమైన దినములవి. బాడ్మింటను క్రీడలో ప్రసిద్ధులైన పుల్లెల గోపీచందు గారి సూచనపై సికిందరాబాదులోని జాతీయ సంస్థలో ఆమెకు పరీక్షలు జరిపించిరి. ఆమెకు బుద్ధివికాసమున లోపము కలదని ఆ పరీక్షలలో తేలెను. అట్టి క్రీడాకారులకు ప్రత్యేకముగా "టి 20" అను తరగతి కలదు; ఆమె ఆ తరగతిలో పోటీచేయుటకు అర్హురాలయ్యెను.

ఇచ్చట గమనింపదగినది యొకటి కలదు. ఊరివారు చెప్పినదియు వైద్యులు చెప్పినదియు ఒక్క సంగతినిగూర్చియే. ఊరివారి మాట ఆమె నోట మాట రాకుండ చేసెను. వైద్యుల మాట ఆమె పాదముల ముందు దారిని పఱచెను. సంగతి యొక్కటియే యైనను చెప్పిన ఉద్దేశమును, చెప్పిన తరువాత చేసిన సహాయమును వేఱు గనుక ఫలమును వేఱయ్యెను.

పతకముల వెనుక లెక్క

2023వ సంవత్సరము అక్టోబరు నెలలో చీనాదేశమందలి హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో దీప్తి 400 మీటర్ల పరుగును 56.69 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము గెలిచెను. ఆ బహుమాన ధనముతో, కష్టకాలమున అమ్ముకొన్న పొలమును ఆ తలిదండ్రులు మరల సంపాదించుకొనిరి. 2024 మే నెల 20వ తేదీన జపానుదేశములోని కోబె నగరమున ఆమె 55.07 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డును నెలకొల్పెను. అంతకు పూర్వము ఆ రికార్డు అమెరికాకు చెందిన బ్రియానా క్లార్కుది, అది 55.12 సెకండ్లు.

అదే సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన పారిస్ నగరమున పారాలింపిక్ తుదిపరుగు జరిగెను. దీప్తికి 55.82 సెకండ్లు పట్టినవి. ఉక్రెయిన్, తుర్కీ దేశముల వనితల వెనుక ఆమె మూడవదై కాంస్యపతకము నందెను. బుద్ధివికాసలోపము గల భారతీయ క్రీడాకారులలో పారాలింపిక్ పతకము గెలిచిన మొదటి వ్యక్తి ఆమెయే. అయినను ప్రపంచ రికార్డు నెలకొల్పి నాలుగు నెలలైన గడువకమునుపే మూడవ స్థానము! దెప్పదలచినవారికి ఇంతకు మించిన అవకాశ మేముండును?

శిక్షకునికి మాత్రము ఇట్టి ఫలితము లెక్కగా కనబడును. కోబె పరుగునకును పారిస్ పరుగునకును నడుమ 0.75 సెకండు తేడా. అది ఆరంభమున పోయినదా, వంపులో పోయినదా, చివరి నూఱు మీటర్లలో పోయినదా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకినచో మఱునాటి సాధనకు పని దొరకినట్లే. 2025 సెప్టెంబరు 27వ తేదీన, తన 22వ జన్మదినమున, ఢిల్లీలో జరిగిన ప్రపంచ పారా పోటీలలో ఆమె 55.16 సెకండ్లలో పరుగెత్తి రజతపతకము గెలిచెను. పారిస్ పరుగుకంటె 0.66 సెకండు తక్కువ.

ఒక్క చుట్టులోని పాఠము

400 మీటర్ల పరుగనగా మైదానమున ఒక్క చుట్టు. చూచుటకు సులభము; నేర్చుట కష్టము. మొదటి సగమున మితిమీరి వేగము చూపినచో చివరకు కాళ్లు బరువెక్కును. మితిమీరి దాచుకొన్నచో ముందున్నవారు అందరు. తన వేగమును తానే కొలుచుకొనుట, ఎన్ని చోట్ల నేమి చేయవలెనో గుర్తుంచుకొనుట బుద్ధివికాసలోపము గలవారికి మఱింత కష్టము. కావున వారికి చెప్పు మాట చిన్నదిగా నుండవలెను. ఒకసారికి ఒక్క విషయమే చెప్పవలెను. నోటితో చెప్పుటతో సరిపెట్టక చేసి చూపవలెను. పరుగు ముగిసిన వెంటనే చెప్పవలెను. చెప్పిన తరువాత మరల చేయించి చూడవలెను.

ఇవి మందబుద్ధులకు మాత్రమే పనికివచ్చు నియమములని తలపరాదు. ఆలస్యముగా గ్రహించువారికి ఉపకరించు బోధ చురుకైనవారికిని ఉపకరించును. మనము చురుకైనవారికి అస్పష్టముగా చెప్పియు గడుపుకొనుచున్నాము. వారు మన మాటలోని లోటును తమ తెలివితో పూరించుకొనుచున్నారు. అంతియే.

ఉదాహరణమునకు, ఒక బాలికకు ఈ పరుగు 57 సెకండ్లు పట్టినదనుకొందము. "ఇంకను వేగముగా పరుగెత్తుము" అని చెప్పిన ప్రయోజనము సున్న. ఆమె వేగముగా పరుగెత్తవలెననియే పరుగెత్తినది. "మొదటి సగమును 26 సెకండ్లలో ముగించితివి, రెండవ సగమునకు 31 పట్టినవి. ఈసారి మొదటి సగమును 27లో ముగించి చూడుము" అని చెప్పినచో ఆమెకు చేయవలసిన పని చేతికి దొరకును. స్టాప్‌వాచికి కోపములేదు, అభిమానములేదు. దానిలోని అంకెను చూపి మాటలాడునపుడు మాటకు ములుకు తగ్గును.

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ మైదానమున 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్ పోటీలు జరిగినవి. అందు పంజాబు వనిత హర్మిలన్ బెయిన్స్ 1500 మీటర్లను 4 నిమిషముల 5.39 సెకండ్లలో పరుగెత్తి, 2002లో సునీతా రాణి నెలకొల్పిన 4 నిమిషముల 6.03 సెకండ్ల జాతీయ రికార్డును దాటెను. పందొమ్మిది సంవత్సరములకు దొరకిన లాభము 0.64 సెకండు. ఒక్క కనురెప్పపాటు కాలమును గెలుచుటకు మైదానమందలి మూడుముప్పాతిక చుట్లలో నెక్కడెక్కడ నెంత పోవుచున్నదో చూచుకొనవలెను. గొప్ప ఫలము చిన్న దిద్దుబాట్ల మొత్తమేగాని వేఱు కాదు.

తప్పు ఎవరిది?

ఒక్కరి పరుగును దిద్దుటకంటె జట్టును దిద్దుట కష్టతరము. నలుగురు బాలికలు కలిసి 400 మీటర్లను నూఱేసి మీటర్లుగా పంచుకొని పరుగెత్తు రిలే పందెమును చూడుడు. ఒకరి చేతికఱ్ఱను మఱియొకరు అందుకొనవలెను. అది 30 మీటర్ల హద్దులోపలనే చేతులు మారవలెను. హద్దు దాటినచో నలుగురును పందెమునుండి తొలగింపబడుదురు. అందుకొను బాలిక వెనుకకు చూడదు. నేలమీద ఒక గుర్తు పెట్టుకొనును. వచ్చుచున్న బాలిక ఆ గుర్తును చేరగనే తాను పరుగు నారంభించి చేయి వెనుకకు చాపును.

కఱ్ఱ అందలేదనుకొందము. ఒకతె "నీవు తొందరపడితివి" అనును. మఱియొకతె "నీవే వెనుకబడితివి" అనును. ఇద్దఱును సత్యమే పలుకుచున్నారు. అయినను ఆ మాటలతో మఱుసటి ప్రయత్నమున కఱ్ఱ అందదు. నేర్పుగల శిక్షకురాలు వారి ముఖములను విడిచి నేలమీది గుర్తును చూచును. "ముందున్న ఆమె త్వరగా కదలుచున్నది. గుర్తును రెండడుగులు ఆమె దగ్గరకు జరుపుడు, అప్పుడు కొంచెము ఆలస్యముగా బయలుదేరును" అని చెప్పును. ఇద్దఱును ఆవలకు ఒకరిమీద నొకరు పడుచున్నచో గుర్తును దూరమునకు జరుపుమని చెప్పును. తప్పు ఇద్దఱి నడుమనున్న చోటులో నున్నది. దిద్దుబాటును అచ్చటనే జరిగినది. ఎవరికిని తలవంపు లేదు.

కుటుంబములలోని తగవులు పెక్కు ఇట్టివే. పాలు పొంగి పోయినవి. పొయ్యిమీద పెట్టినది అత్తగారు, చూచుకొనవలసినది కోడలు. ఒకరు చెప్పితిననుకొనిరి; ఒకరు వినలేదు. ఎవరిది తప్పని గంటసేపు వాదించుటకంటె, "పొయ్యి దగ్గరనుండి లేచునప్పుడు పేరుపెట్టి పిలిచి అప్పగింతము" అని నియమము చేసికొన్నచో మఱునాడు పాలు నిలుచును.

శాస్త్రజ్ఞులు చెప్పినది

ఈ విషయమును శాస్త్రరీతిని పరిశోధించినవారును కలరు. క్లూగర్, డెనీసి అను పండితులు ఇద్దఱు అనేక పరిశోధనల ఫలితములను, మొత్తము 607 కొలతలను, ఒక్కచోట చేర్చి 1996లో ప్రకటించిరి. పనిచేయువారికి వారి పనిని గూర్చి చెప్పుటవలన మొత్తముమీద మేలే జరుగుచున్నదని తేలెను. కాని మూడవవంతుకంటె ఎక్కువ సందర్భములలో అట్లు చెప్పిన తరువాత పని మునుపటికంటె చెడెను! మాట పనిమీదినుండి మనిషిమీదికి మరలినకొలది దాని మేలు తగ్గుచున్నదని వారి యభిప్రాయము.

పొగడ్త కైనను ఇదియే నియమము. 1998లో ముల్లర్, డ్వెక్ అను విదుషీమణులు ప్రకటించిన పరిశోధనలో, "నీవు తెలివిగలవాడవు" అని పొగడబడిన పిల్లలు తరువాత కష్టమైన లెక్క తగిలినప్పుడు నిరుత్సాహపడి వెనుకబడిరి. "బాగుగా శ్రమించితివి" అనిపించుకొన్నవారు ఇంకను పట్టుదలతో పనిచేసిరి. తెలివిని మెచ్చినచో అది పోవునేమోయను భయము పట్టుకొనును. శ్రమను మెచ్చినచో ఇంకను శ్రమింపవచ్చునను ధైర్యము కలుగును.

పని ముగిసిన పిమ్మట జట్టంతయు కూర్చుండి "ఏమి జరిగినది? ఏల జరిగినది? మఱుసటిసారి ఏమి చేయుదము?" అని సావధానముగా మాటలాడుకొన్నచో పనితనము సుమారు నూటికి 20 నుండి 25 పాళ్లు వృద్ధిచెందుచున్నదని 2013లో ప్రకటింపబడిన మఱియొక పరిశీలన తెలుపుచున్నది. కొద్దిసేపటి ముచ్చటకు ఇది చిన్న లాభము కాదు.

ఆచరణకు కొన్ని సూచనలు

1. చూచినదానిని చెప్పవలెను, ఊహించినదానిని చెప్పరాదు. "నీకు శ్రద్ధ లేదు" అనునది ఊహ. "ఈ వారమున రెండుసారులు ఆలస్యముగా వచ్చితివి" అనునది చూచినది.

2. "ఎప్పుడును", "ఏనాడును" అను మాటలను నాలుకపైకి రానీయరాదు. "నీవెప్పుడు నింతే" అన్నచో విన్నవారికి ఇక దిద్దుకొనుటకు తావెక్కడిది?

3. ఒకసారికి ఒక్క తప్పునే చూపవలెను. పది చూపినచో పదియు మిగులును.

4. తప్పుతోబాటు దారిని చూపవలెను. దారి తెలియనప్పుడు "ఏమి చేసిన బాగుండునో నీవే చెప్పుము" అని అడుగుట మేలు. తఱచుగా చేయువారికే దారి తెలిసియుండును.

5. అందఱికిని పనికివచ్చు సంగతిని అందఱిలోను, ఒక్కరికే సంబంధించినదానిని ఒంటరిగాను చెప్పవలెను. నలుగురిలో సిగ్గుపడిన మనసునకు చెవులుండవు.

6. చెప్పిన తరువాత నిలిచి రెండవ ప్రయత్నమును చూడవలెను. బాగుపడినచో ఆ సంగతిని వెంటనే చెప్పవలెను. ఇది మఱచువారే యెక్కువ.

7. చెప్పువారును వినవలెను. "నేను చెప్పు తీరులో మార్చుకొనవలసిన దేమైన కలదా?" అని పెద్దలే మొదట అడిగినచో చిన్నవారికి ధైర్యము కలుగును.

బతుకమ్మ వలయము

మన స్త్రీలకు ఈ విద్య క్రొత్తది కాదు. హనుమకొండ వేయిస్తంభముల గుడి ముంగిట బతుకమ్మ నాడు స్త్రీలను చూడుడు. వలయముగా తిరుగుచు, వంగుచు, చప్పట్లు చఱచుచు నాడుదురు. క్రొత్తగా వచ్చిన పిల్ల అడుగు తప్పును, చప్పటు తప్పును. ఎవరును ఆట నాపి ఆమెను నిలదీయరు. ప్రక్కనున్న పెద్దామె తన చప్పటును కొంచెము గట్టిగా చఱచును. తన అడుగును కొంచెము స్పష్టముగా వేయును. రెండు చుట్లు తిరుగులోపల పిల్ల అడుగు కలియును. చేసి చూపుట, వెంటనే చూపుట, సిగ్గుపఱపక చూపుట, మరల చేయనిచ్చుట యను నాలుగును ఆ వలయములో నున్నవి. ఆటలో నింత నేర్పుగలవారము వంటయింటిలో దానినేల మఱచుచున్నాము?

క్రొత్తకోడలు పులుసు కాచినది, ఉప్పు తక్కువైనది. "మీ పుట్టింట నీకిదియేనా నేర్పినది?" అన్నచో ఆమె తల్లినంతటిని కూడ అన్నట్లయ్యెను, పులుసునకు మాత్రము ఉప్పు రాలేదు. "అమ్మాయీ, చింతపండు సరిగా కుదిరినది. ఈ గిన్నెకు ఇంకొక అరచెంచా ఉప్పు పట్టును, వేసి రుచి చూడుము" అన్నచో పులుసును బాగుపడును, పిల్లయు నేర్చుకొనును. మహిళాసంఘపు సమావేశమున లెక్క వ్రాయు సోదరి కూడికలో పొరబడినప్పుడును ఇదియే పద్ధతి. పుస్తకమును నడుమ నుంచి ఇద్దఱును కలిసి మరల కూడినచో తప్పు దొరకును, స్నేహమును నిలుచును.

వినువారికిని ఒక ధర్మము కలదు. దిద్దుబాటు చెవిని పడగనే సమాధానము చెప్పుటకు తొందరపడరాదు. అందు పనికివచ్చు పాలెంతయో మొదట తీసికొనవలెను. చెప్పిన తీరు కటువైనను సంగతి నిజమైనచో సంగతిని గ్రహించి కటుత్వమును విడువవచ్చును. అయితే ప్రతిదినమును మనసును గాయపఱచు మాటలను "మన మంచికే" యని మౌనముగా మ్రింగుట ఓర్పు కాదు. "తప్పును చూపుడు, దిద్దుకొందును, నన్ను నిందింపకుడు" అని మర్యాదగా చెప్పుటకు ప్రతి స్త్రీకిని అధికారము కలదు.

కల్లెడలో ఆ బాలికను నవ్విన నోళ్లును, ఆమెకు పరుగు నేర్పిన నోళ్లును ఒక్క తెలుగుమాటలనే పలికినవి. మన యింటనున్న బిడ్డలోను, కోడలిలోను, పనికి తోడ్పడు చిన్నదానిలోను ఏ శక్తి దాగియున్నదో మన కెవరికిని ముందుగా తెలియదు. తెలియనంతవఱకు దెప్పకుండుట వివేకము. చేయిపట్టి దిద్దించుట ధర్మము.